ఏడున్నర జావ

ఇసాఫ్యోర్దుర్‌లో రెండు నెలలు సూర్యుడు
కొండ అవతలే పని చూసుకుని వెళ్లిపోతాడు.
ఏడున్నర అంటే ఇక్కడ నడిరాత్రి లెక్కే.
రేవులో దీపాలు, మంచు ఊడ్చే బండి రొద,
వంటింట్లో నేనూ, ఒక గరిటే.

ఉన్నుర్ ఈతకొలను గట్టున కళ్లు తిరిగి పడ్డ రోజున
మొదలైంది ఇదంతా.
ఫోన్లో టీచరమ్మ ఒకటే అడిగింది:
"పొద్దున ఏం తింది?"
చేపల ఫ్యాక్టరీలో, చేతి తొడుగుల్తో,
నోట మాట రాక నిలబడిపోయాను.
గంటకెన్ని కాడ్ చేపలు కోస్తామో నాకు తెలుసు.
ఏ పెట్టె ఏ ఓడెక్కి ఏ దేశం పోతుందో తెలుసు.
పరగడుపున బడికెళ్లిన నా కూతురి సంగతే తెలీదు.

ఆ సాయంత్రమే ఓట్స్ బస్తా మోసుకొచ్చాను,
గొర్రెల దొడ్డికి దాణా తెచ్చినట్టు.

మొదటి రోజు అడుగంటింది.
రెండో రోజు ఉప్పు రెండుసార్లు పడింది.
మూడో రోజు ఏడేళ్ల కారి
గిన్నెలో చెంచా నిట్టనిలువుగా నిలబెట్టి
"నాన్నా, ఇది సిమెంటా?" అన్నాడు.
చేపనూనె సీసా మూత తిప్పితే చాలు
ముక్కు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు.
నేను బయట పారేశాననుకున్న చక్కెర అటుకుల డబ్బా
బట్టలుతికే మిషన్ వెనక దొరికింది.
ఏమీ అనలేదు.
నేనూ ఒక గుప్పెడు తిని, ఎక్కడిదక్కడే పెట్టాను.

స్టెయ్‌నున్ ఆసుపత్రి నుంచి వచ్చేది సరిగ్గా ఆ వేళకే.
బూట్ల నిండా మంచు,
కళ్ల కింద రాత్రంతా ఎవరివో మూలుగులు.
మాకది పొద్దుటి తిండి, ఆమెకు రాత్రి భోజనం.
ఇన్నాళ్లూ గడపలో ఎదురుపడి
తాళంచెవులు మార్చుకునేవాళ్లం,
కాపలావాళ్లు డ్యూటీ మారినట్టు.
ఇప్పుడు కూర్చుంటున్నాం.
పావుగంట.
గడియారం చూసి మరీ చెబుతున్నాను, పావుగంటే.

దారి చూపింది మాత్రం అత్త హాల్‌ఫ్రీదుర్.
ఆగస్టులో కొండవాలున ఏరి
ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బ్లూబెర్రీలు ఒక సంచీడు పంపింది.
వేడి జావలో పడగానే ఊదా రంగు పాయలు విడుతుంది.
కారి చెంచాతో పటం గీస్తాడు:
ఇది మన ఊరు, ఇది సముద్రం,
ఇదిగో, సూర్యుడు ఇరుక్కుపోయిన చోటు.
గీసిన లోకాన్ని అంచుల్నుంచి తింటూ వస్తాడు.
సూర్యుణ్ణి ఆఖరి ముద్దకు దాచుకుంటాడు.

తుఫాను రోజు కరెంటు పోయింది.
చీకట్లో రై రొట్టె, చల్లటి గుడ్లు, తలా కాస్త స్కీర్ పెరుగు.
మరో రెండు రోజులు ఏమీ లేదు,
బద్ధకం. అబద్ధం ఎందుకు?

ఒకరోజు జ్వరంతో నేను లేవలేకపోయాను.
వంటింట్లో గుసగుసల గొడవ:
"నీళ్లు ముందు!"
"కాదు, ఓట్స్ ముందు!"
ఆ తర్వాత మాడు వాసన.
అంత కమ్మటి మాడు వాసన
నా జన్మలో చూడలేదు.

ఇందులో గొప్పేం లేదు.
ఉన్నుర్ ఇప్పుడు కొలను ఈ చివర నుంచి ఆ చివరకు
ఆగకుండా ఈదుతోంది.
చేపనూనెకు కారి ఇంకా ముక్కు మూసుకుంటాడు.
నేనూ మూసుకుంటాను, వాడు చూడనప్పుడు.

జనవరి ఆఖర్లో సూర్యుడు తిరిగొచ్చాడని
ఊరంతా పల్చటి తీపి అట్లు పోసుకుంటోంది.
ఆదివారం కదా, మా ఏడున్నర పదకొండు దాటింది.
ముందు జావ, తర్వాతే అట్లు,
అని తీర్పు చెప్పింది నేను కాదు, కారి.

కొండ భుజం మీదుగా ఒక్క చారెడు ఎండ
బల్ల మీద పడింది.
రోజూ శుభ్రంగా తుడుస్తున్నాననే అనుకున్నాను.
ఊదా మరకలు, నూనె చుక్కల గుండ్రాలు,
పగుళ్లలో ఎండిన ఓట్స్ పలుకులు,
స్టెయ్‌నున్ కప్పు వదిలిన వలయాల మీద వలయాలు.

గుడ్డ కోసం లేచాను.
"ఉండనీ," అంది స్టెయ్‌నున్.
కాస్త పక్కకు జరిగి కూర్చుంది,
ఆ ఎండ నా మీదా పడేలా.